మగ్గం షెడ్డులో చోటు ఎవరిది?

ఇల్లు ఇరుకైతే చోటు గోడల మీద, కప్పు కింద వెతుక్కోవాలన్నది ఈ కాలంలో ఎవరూ ఎదురు చెప్పని మాటగా చలామణి అవుతోంది. ఇల్లు కట్టే మేస్త్రీ మొదలు ఇనుప బీరువాలు అమ్మే దుకాణం దాకా, పత్రికల్లో గృహాలంకరణ శీర్షికలు రాసేవారు మొదలు నేతకారుల ఇళ్ళకు నమూనాలు గీసే అధికారుల దాకా అందరిదీ ఒకటే పాట: సామాను ఎక్కువ కాలేదు, సర్దడం చేతకాలేదు; అటక వేయించి, గోడలకు అరలు బిగించి, అక్కరలేనివి పారేస్తే ఎంతటి ఇరుకు షెడ్డులోనైనా చోటు పుడుతుంది. కారు నిలపాల్సిన గది అట్టపెట్టెలతో నిండిపోయిన నగరపు ఇంటికి ఈ సలహా కొంతవరకు పనికిరావచ్చు. అదే సలహాను అత్తిమంజేరిపేట వంటి నేత ఊళ్ళలో ఇంటిని ఆనుకుని ఉండే మగ్గం షెడ్డుకు తెచ్చి అతికించడం తప్పు, పైగా అన్యాయం. ఆ షెడ్డులో కాలు పెట్టడానికి చోటు లేకపోవడానికి కారణం ఇంటివారి సర్దుబాటు లోపం కాదు. ఇంటివారిది కాని సరుకు, ఇంటివారు నిర్ణయించని కాలం పాటు, దమ్మిడీ అద్దె లేకుండా అక్కడ నిలిచి ఉండడమే కారణం.

అత్తిమంజేరిపేట తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లా పళ్ళిపట్టు తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న ఊరు. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతం 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం వల్ల 1960 ఏప్రిల్ 1న అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారింది కనుక, ఇక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగైతే బడీ కచేరీ తమిళంలో నడుస్తాయి. గీత మారినా వృత్తి మారలేదు. గీతకు అటువైపు నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, ఇటువైపు పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం, అత్తిమంజేరిపేట అన్నీ మగ్గాన్ని నమ్ముకున్న ఊళ్ళే. చేతిమగ్గం తగ్గుతూ వచ్చిన చోటల్లా మరమగ్గం, అంటే కరెంటు మోటారుతో నడిచే మగ్గం, ఆ చోటును ఆక్రమించింది. పెద్ద మిల్లుల్లో కాకుండా రెండు, నాలుగు, ఆరు మగ్గాల చొప్పున ఇళ్ళను అంటిపెట్టుకుని నడవడం ఈ పరిశ్రమ తీరు. ఇంటి పక్క ఖాళీ స్థలానికో వెనుక వసారాకో సిమెంటు రేకులు కప్పి, నేల గట్టిచేసి, వేరే కరెంటు సర్వీసు తీసుకుంటే అదే షెడ్డు అవుతుంది. మోటారుబండి నిలిపేదీ, గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా దాచేదీ, పిల్లల సైకిలు ఆనించేదీ అందులోనే కాబట్టి, సంపన్న దేశాల్లో ఇంటి కారుగది చేసే పనులన్నీ ఇక్కడ ఈ షెడ్డు చేస్తుంది. వాటితో పాటు ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే పని కూడా చేస్తుంది.

అలాంటి షెడ్డులో ఏముంటుందో దగ్గరగా చూస్తే గాని వాదం తేలదు. నాలుగు మగ్గాలు రెండు వరుసల్లో ఉంటాయి, వాటి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. మగ్గం వెనుక భాగంలో బీము, అంటే పడుగు చుట్టిన బరువైన దొడ్డు రోకలి, రెండు చివరలా ఇనుప బిళ్ళలతో కూర్చుని ఉంటుంది. బట్టలో నిలువుగా నడిచే వేలాది దారాలకు పడుగని, వాటి మధ్య అడ్డంగా దూరే దారానికి పేకని పేరు. మగ్గం మీదున్న బీము అయిపోగానే ఎక్కించడానికి మరో బీము గోడకు ఆనించి ఉంటుంది. దాని మీద దుమ్ము పడకుండా పాత లుంగీ కప్పి, దొర్లకుండా అడుగున ఇటుక ముక్క పెట్టి ఉంచుతారు. పేకకు కావలసిన నూలు కోన్ల రూపంలో సంచుల్లో వస్తుంది. ఒక్కో కోను సుమారు 2 కిలోలు తూగుతుంది, దాన్నుంచి నూలును కండెలకు చుట్టి, కండెను నాడెలో పెట్టి మగ్గానికి అందిస్తారు. నేసిన బట్ట మడతలుగా, తానులుగా తలుపు పక్కన పేరుకుంటుంది, నూలిచ్చి నేయించుకునే షావుకారు మనిషి వచ్చి కొలిచి ఎత్తేదాకా అది కదలదు. మిగిలిన సందుల్లో ఖాళీ కోను గొట్టాలు, నూలు చెత్త మూట, పన్నెలు, అచ్చులు వంటి మగ్గం పనిముట్లు, అరిగిన పళ్ళచక్రాలు, నూనె డబ్బా. వీటన్నిటి మధ్య దారి చేసుకుని వచ్చే టీవీఎస్ ఎక్స్‌ఎల్ బండి రాత్రిపూట ఒక మగ్గానికి ఆనుకుని నిద్రపోతుంది.

ఈ జాబితాలో ఇంటివారి సొంత సామాను ఎంత, పరాయి సరుకు ఎంత అన్న ప్రశ్న సలహాలిచ్చేవారెవరూ వేయరు. బీము మీది పడుగు షావుకారుది, కోన్లలోని నూలు షావుకారుది, తలుపు పక్కన పేరుకున్న బట్ట కూడా షావుకారుదే. కూలి నేత అనే పద్ధతిలో ముడిసరుకు ఇచ్చేవాడూ, తయారైన సరుకు తీసుకునేవాడూ ఒక్కరే. నేత కుటుంబం మగ్గం, మోటారు, చోటు, శ్రమ పెట్టి మీటరుకో చీరకో ఇంత అని కూలి తీసుకుంటుంది. షెడ్డులో స్థలం తినే వస్తువుల్లో మగ్గాలను పక్కన పెడితే అన్నిటికంటే పెద్దవి ఈ పడుగు, నూలు, బట్ట మూడే. బండీ, సిలిండరూ, సైకిలూ వీటి ముందు లెక్కలోకి రావు. అయినా సలహా వచ్చినప్పుడల్లా బండి ఎక్కడ పెట్టాలి, బియ్యం బస్తా ఏ అర మీద ఉంచాలి అని ఇంటివారి వస్తువులనే ఇటూ అటూ జరుపుతారు.

అటక వాదాన్ని మొదట పరీక్షించాలి, ఎందుకంటే అందరి నోటా ముందు వచ్చేది అదే. సిమెంటు రేకుల కప్పుకు నాలుగడుగుల కింద ఇనుప కోణాలు బిగించి, చెక్కలు పరిచి, నూలు సంచులూ తానులూ పైకి ఎక్కించమంటారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద చేయి చాపి నిలబడినవారికెవరికైనా అక్కడ ఏది ఉంచగలమో, ఏది ఉంచలేమో తెలిసిపోతుంది. పత్తి నూలుకు తేమ ప్రాణం. వ్యాపారంలో నూలు బరువును లెక్కగట్టేటప్పుడు పొడి దారం బరువుకు 8.5 శాతం తేమ కలిసి ఉంటుందని ఒప్పుకునే ప్రమాణం ఉంది. తేమ ఉన్నప్పుడు పత్తి దారం బలంగా ఉంటుంది, ఆరిపోయిన కొద్దీ పెళుసుబారి తెగుతుంది. నూలు మిల్లుల్లో, నేత మిల్లుల్లో గాలికి తేమ చేర్చే యంత్రాలు పెట్టేది ఇందుకే. రేకుల కింద వారం రోజులు ఎండిన కోను మగ్గానికి వచ్చేసరికి గంటకు ఒకసారి తెగే దారం అయిదారుసార్లు తెగితే, అటకలో మిగిలిన చోటు విలువ కూలిలో పోయిన మీటర్ల ముందు ఎందుకూ కొరగాదు. నేతకారులు నూలును నేలమట్టాన, నీడలో, కొన్ని ఇళ్ళలో తడిగుడ్డ కప్పి ఉంచడం తెలియనితనం వల్ల కాదు. ఆ వస్తువు స్వభావం తెలిసినందువల్ల.

పడుగు బీమును అటక ఎక్కించే ఊసే లేదు, దాన్ని ఇద్దరు మనుషులు మోసి మగ్గానికి ఎక్కించడమే ఒక యాతన. అదీగాక పడుగు దారానికి గంజి పెట్టి ఉంటుంది. అచ్చుల గుండా, పన్నె గుండా వేలసార్లు రాసుకుపోయే దారం నూగు లేవకుండా ఉండడానికి పెట్టే ఆ గంజి ఎలుకలకు, పురుగులకు విందు. మనుషుల చూపు పడని ఎత్తున బీములో నూలో దాస్తే ఎలుక కొరికిన సంగతి మగ్గం ఎక్కిన తరువాత గాని తెలియదు, తెలిసిన తరువాత ఆ నష్టం కూలిలో కోతగా నేతకారుడి మీదే పడుతుంది. ఇంకొక చిక్కు ఉంది. నూలు నంబరు అంటే ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క, నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. ఒకే నంబరు, ఒకే రంగు అయినా వేర్వేరు లాట్లలో వచ్చిన నూలు కలిస్తే బట్టలో అడ్డపట్టెలు కనబడతాయి. అందువల్ల పాత లాటు ముందు వాడి, కొత్త లాటు తరువాత తీయాలి. అటక మీద పేర్చిన కుప్పలో చేతికి ముందుగా అందేది కొత్తగా పైన వేసిన సంచే. నిప్పు భయం గురించి వేరే చెప్పాలా? మోటారు స్టార్టరు నుంచి రవ్వ లేచే అవకాశం ఎప్పుడూ ఉండే గదిలో, గాలిలో పత్తి నూగు తేలే గదిలో, తలల మీద తానుల కొద్దీ బట్ట పరచడాన్ని పొదుపు అని పిలవడం సాహసమే. అర ఎన్ని అంచెలుంటే నూగు అన్ని అంచెల్లో పేరుకుంటుంది, చీపురు అందదు, ఆ నూగు పీల్చేది ఇంట్లోని ఆడవారూ పిల్లలూ ముసలివారూ. పత్తి దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఛాతీ బిగపట్టే బిస్సినోసిస్ అనే జబ్బు ఈ వృత్తికి కొత్త కాదు.

ఎత్తు వాడుకుంటే ఇరుకు తీరుతుందన్న ఆశను చరిత్రే ఒకసారి పరీక్షకు పెట్టింది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 19వ శతాబ్దం మొదటి భాగంలో క్రువా రూస్ గుట్ట మీద పట్టు నేతకారుల కోసం కట్టిన ఇళ్ళకు కప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తున ఉండేది, ఎందుకంటే అప్పుడే వ్యాపించిన జకార్డు మగ్గం తలపై మోసే యంత్రభాగానికి అంత ఎత్తు కావలసి వచ్చింది. ఆ ఎత్తులో ఒక మూల చెక్క అటక వేసి, దాని మీద కుటుంబం పడుకునేది. కింద నేలంతా మగ్గాలది. అటక వల్ల నేతకారుడి కుటుంబానికి చోటు దొరకలేదు, మగ్గాలకూ సరుకుకూ నేల దొరికింది, కుటుంబం పైకి నెట్టబడింది. పట్టు ఇచ్చి బట్ట తీసుకునే వర్తకులు ఒప్పుకున్న కనీస కూలి రేటును కాదన్నప్పుడు 1831లో అక్కడి నేతకారులు తిరగబడ్డారు, 1834లో మళ్ళీ తిరగబడ్డారు. వాళ్ళు అడిగింది ఇంకో అటక కాదు, రేటు.

చోటు అనేది గదికి ఉండే గుణమనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది. సరుకు వచ్చి పోయే ఏ తావులోనైనా చోటు కాలంతో ముడిపడి ఉంటుంది. అమెరికా పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం దీన్ని తేటగా చెబుతుంది: ఒక తావులో సగటున ఎంత సరుకు నిలిచి ఉంటుందో తెలియాలంటే, రోజుకు ఎంత సరుకు లోపలికి వస్తోందో దాన్ని, ఒక్కో వస్తువు సగటున ఎన్ని రోజులు అక్కడ ఉంటోందో దానితో హెచ్చవేయాలి. ఆసుపత్రి వరుసకైనా రైల్వే గిడ్డంగికైనా ఇదే లెక్క. లెక్క సులువుగా ఉండడానికి నాలుగు మగ్గాల షెడ్డు రోజుకు 8 కిలోల పేక నూలు నేస్తుందనుకుందాం. షావుకారు 20 రోజులకొకసారి నూలు దించితే ఒక్కసారే 160 కిలోలు, అంటే 80 కోన్లు, షెడ్డులోకి దిగుతాయి. అదే నూలు 5 రోజులకొకసారి దించితే ఏనాడూ 40 కిలోలకు, 20 కోన్లకు మించి షెడ్డులో ఉండదు. నేత ఒక్క మీటరు తగ్గలేదు, మగ్గం ఒక్క గంట ఆగలేదు, ఒక్క అర బిగించలేదు. అయినా నూలు ఆక్రమించిన నేలలో ముప్పాతిక వంతు ఖాళీ అయింది. బట్టకూ ఇదే వర్తిస్తుంది. రోజుకు 120 మీటర్లు నేసే షెడ్డు నుంచి 15 రోజులకొకసారి బట్ట ఎత్తితే 1800 మీటర్ల బట్ట తలుపు పక్కన కొండగా లేస్తుంది, 4 రోజులకొకసారి ఎత్తితే 480 మీటర్లు దాటదు. ప్రపంచంలోని ఏ అటకా ఇంత చోటు ఇవ్వలేదు.

నిలిచే రోజుల్ని నిర్ణయించేదెవరు అన్నదే ఇక మిగిలిన ప్రశ్న, దానికి జవాబు ఊళ్ళో అందరికీ తెలుసు. బండి కిరాయి కలిసివస్తుందని షావుకారు నెలకు సరిపడే నూలు ఒక్కసారే దించుతాడు. నూలు ధర పెరుగుతుందన్న అనుమానం వస్తే ముందే కొని, కొన్నది నేతకారుల షెడ్లలో పంచి పెడతాడు. 2021, 2022 సంవత్సరాల్లో నూలు ధర ఎగబాకి, 2022 మే నెలలో తిరుప్పూరు పరిశ్రమే సమ్మెకు దిగినంత ఒడుదుడుకుల్లో ఇలాంటి నిల్వల ఒత్తిడి ఎంతటిదో ఊహించవచ్చు. బట్టకు గిరాకీ పడిపోతే నేసిన తానులు ఎత్తకుండా వదిలేస్తాడు. 2020 మార్చి 25న దేశమంతా స్తంభించినప్పుడు అమ్ముడుపోని బట్ట, మగ్గం మీదే ఆగిపోయిన పడుగు నేతకారుల పడకల పక్కనే నెలల తరబడి ఉండిపోయాయి. ధర పెరిగినా సరుకు షెడ్డులోనే, గిరాకీ పడినా సరుకు షెడ్డులోనే. షావుకారుకు పట్టణంలో గోదాము ఉంటే దానికి అద్దె కట్టాలి, కావలివాడిని పెట్టాలి, బీమా చేయించాలి. అదే సరుకు ఊళ్ళో నలభై ఇళ్ళ షెడ్లలో పంచి ఉంచితే ఆ ఖర్చులన్నీ సున్నా, పైగా మచ్చపడినా, ఎలుక కొరికినా, వాన కురిసి తడిసినా కోత నేతకారుడికే. ఇది దొంగతనమని ఎవరినీ నిందించనక్కరలేదు, తరతరాలుగా ఎవరూ ప్రశ్నించక వ్యాపార ఆచారంగా స్థిరపడిన సంగతి. ఈస్టిండియా కంపెనీ కాలంలో బయానా ఇచ్చి నేతకారుడి ఇంటినే తన కార్ఖానాగా మార్చుకున్న పద్ధతికీ దీనికీ చుట్టరికం ఉంది: పెట్టుబడి వాడిది, ఇల్లు వీడిది, లాభనష్టాల్లో నష్టం మాత్రం ఇంటి పక్షం.

ఈ నిల్వలు వ్యాపారానికి తప్పనిసరి అనే వాదానికి జవాబు మగ్గాల లోకం నుంచే వచ్చింది. జపానులో స్వయంచాలక మగ్గాలు తయారుచేసిన టొయోడా సకిచి కుటుంబ సంస్థే తరువాత టొయోటా కార్ల సంస్థను కన్నది. అక్కడ నిల్వల్లేని ఉత్పత్తి పద్ధతిని రూపొందించిన తైచి ఓనో 1932లో ఉద్యోగంలో చేరింది ఆ కుటుంబపు నూలు, నేత మిల్లులోనే. కావలసినది, కావలసినప్పుడు, కావలసినంత మాత్రమే అందించాలనీ, పేరుకుపోయిన సరుకు పనిలోని లోపాలను కప్పిపెడుతుందనీ ఆయన పద్ధతి చెప్పింది. అందులో చిక్కు లేకపోలేదు: పెద్ద కర్మాగారాలు తమ నిల్వలను తగ్గించుకుంటూ చిన్న సరఫరాదారుల నెత్తిన రుద్దిన సందర్భాలు ఉన్నాయి. అయినా ఒక విషయం స్థిరపడింది. నిల్వకు ఖర్చుందని, ఆ ఖర్చును ఎవరో ఒకరు భరిస్తారని లోకంలోని అతి పెద్ద పరిశ్రమల్లో ఒకటి ఒప్పుకుని దాన్ని పైసలతో సహా లెక్కగట్టింది. పళ్ళిపట్టు తాలూకాలో మాత్రం ఆ ఖర్చుకు ఇప్పటికీ పేరు లేదు.

పాత సామాను పారేయమనే సలహా ఇక్కడ ఎక్కువసేపు నిలవదు. లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళను పరిశీలించి 2012లో పుస్తకంగా వెలువరించిన మానవశాస్త్రవేత్తలు నాలుగింట మూడు కారుగదుల్లో కారుకు చోటే లేదని గమనించారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు ఇంట్లో కూడా పచ్చళ్ళ జాడీలు, పండుగ అలంకరణలు, పిల్లలు ఎదిగి వదిలేసిన ఆటబండ్లు కారును మంచులోకి తరిమిన ఉదాహరణలు తెలిసినవారికి తెలుసు. అక్కడ పారేయమనడం సరైన సలహా, ఎందుకంటే అవన్నీ ఇంటివారు కొని తెచ్చుకున్నవి, వాళ్ళు వద్దనుకుంటే పోయేవి. మగ్గం షెడ్డులో గోడకు వేలాడే పాత పన్నె అలాంటిది కాదు. అంగుళానికి ఎన్ని దారాలు నడవాలో నిర్ణయించే దువ్వెన అది. బట్ట రకం మారితే పన్నె మారాలి, ఆరు నెలల తరువాత పాత రకానికే ఆర్డరు వస్తే అదే పన్నె మళ్ళీ కావాలి. అరిగిన చక్రమైనా సెకండుహ్యాండు మగ్గాలకు విడిభాగాలు వెంటనే దొరకని చోట ఒక రోజు కూలిని కాపాడే ఆస్తి. ఇంటివారి చేతిలో పారేయగలిగినవి ఖాళీ గొట్టాలు, నూలు చెత్త. వాటిని వాళ్ళు ఇప్పటికే అమ్మేస్తారు.

షెడ్డు పెద్దది చేయమనే సలహా ప్రభుత్వాల నుంచి కూడా వస్తుంది, అందుకే దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 31.45 లక్షల చేనేత కుటుంబాలను లెక్కించింది. వాటి కోసం ఇంటి పక్కన పనిషెడ్డు కట్టుకోవడానికి సాయమిచ్చే పథకాలు ఉన్నాయి, గుంట మగ్గంలో వాన నీరు చేరే ఇంటికి అవి నిజంగా మేలు చేస్తాయి. కాని కూలి నేత నడిచే చోట షెడ్డు పెరిగితే సరుకు దానంతట అదే పెరుగుతుంది. చెరువు లోతు చేస్తే నీరు ఎంత చేరుతుందో, అద్దె లేని షెడ్డులో అంత నూలు చేరుతుంది. నిలపడానికి ఖర్చు లేనివాడు నిలపడం ఎందుకు తగ్గించుకుంటాడు? తమిళనాడు ప్రభుత్వం మరమగ్గాలకు ఇచ్చే ఉచిత కరెంటు రెండు నెలలకు 750 యూనిట్లుగా ఉండేది, 2023లో 1000 యూనిట్లయింది. సరిహద్దుకు ఇటువైపున్న చిన్న షెడ్లకు అది ఊపిరి పోసిన మాట వాస్తవం. కరెంటు నేతలో ఒక ఖర్చని, దాన్ని లెక్కగట్టాలని ప్రభుత్వం గుర్తించింది, మీటరు పెట్టింది. నేల కూడా నేతలో ఖర్చే, దానికి మీటరు లేదు. మీటరు లేనంతకాలం ఎంత నేల ఇచ్చినా అది మొదట షావుకారు సరుకుకే పోతుంది. 90 డెసిబెల్‌ల పైచిలుకు మగ్గం మోత వినబడే గోడకు అవతల చదువుకునే పిల్ల కోసం ఒక మూల మిగలాలంటే షెడ్డు పెద్దదైతే చాలదు.

ఎదుటిపక్షం దగ్గర ఒక బలమైన వాదం ఉంది, దానికి బదులు చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. నూలు ఇంట్లో ఉంటే పని ఇంట్లో ఉన్నట్టని నేతకారులే అంటారు. కూలి మీటరు లెక్కన వస్తుంది కనుక మగ్గం ఆగిన రోజు పొయ్యి మీదికి ఏమీ రాదు. 5 రోజులకు సరిపడే నూలు ఇచ్చి ఆరోనాడు బండి రాకపోతే మగ్గం ఆగుతుంది. ఇరుకైనా సరే, నెలకు సరిపడే సంచులు గోడకు ఆనుకుని ఉంటే ఆ కుటుంబానికి రాత్రి నిద్ర పడుతుంది. ఈ భయం నిజమైనది, ఏళ్ళ అనుభవం నేర్పినది. అయితే దీని లోపల ఏముందో చూడాలి. బండి ఆలస్యమైతే నష్టం నేతకారుడిది, సరుకు నిలిస్తే నష్టం నేతకారుడిది. రెండు నష్టాలూ ఒకరి మీదే ఉన్నప్పుడు రెండింటిలో చిన్నదాన్ని ఎంచుకోవడం ఆ ఒకరి తెలివే కాని, దాన్ని ఇష్టమని అనుకోకూడదు. ఆలస్యానికి పరిహారం ఉంటే ఎవరూ ఇంట్లో నెల నూలు కోరరు. ఇంకో మాట కూడా ఉంది: నిల్వ భరోసా ఇచ్చేది షావుకారు ఎప్పుడూ నూలు వెనక్కి తీసుకోనంతకాలమే. గిరాకీ పడిపోతే నూలు సంచుల్ని వెనక్కి ఎత్తుకుపోయే హక్కు యజమానికి ఉంది, ఎత్తుకుపోతాడు కూడా. ఇంట్లో ఉన్నంత మాత్రాన పని ఇంటిది కాదు.

వాన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2021 నవంబరులో ఎగువన ఆంధ్రలోని కృష్ణాపురం జలాశయం నుంచి వదిలిన నీటితో కుశస్థలి నది పొంగి పళ్ళిపట్టు ప్రాంతంలో నేలమట్టం వంతెనల మీదుగా ప్రవహించింది, రాకపోకలు తెగాయి. రేకుల షెడ్డులో నూలును ఎత్తున పెడితే ఎండకు ఎండుతుంది, నేలన పెడితే తడుస్తుంది. ఇంటి షెడ్డు గోదాముగా ఉండడానికి పుట్టలేదు. గోదాముకు ఎత్తయిన అరుగు కావాలి, గాలి ఆడాలి, ఎలుక దూరని తలుపు కావాలి, నిప్పు ఆర్పే సాధనం కావాలి. ఇవన్నీ ఇంటింటా ఏర్పరచడం ఎవరి తరమూ కాదు, ఊరికి ఒకటి ఏర్పరచడం సాధ్యమే. సహకార సంఘమో, నేతకారులూ షావుకార్లూ కలిసి నడిపే సంస్థో అత్తిమంజేరిపేటలో ఒక ఉమ్మడి గోదాము నడిపితే షావుకారు బండి అక్కడ సరుకు దింపుతుంది, కిరాయి ఆదా అతని చేజారదు. షెడ్లకు మూడు నాలుగు రోజులకు సరిపడే నూలు ఊళ్ళోనే తిరిగే చిన్న బండి మీద, మాటకు ఎక్స్‌ఎల్ మీదైనా, చేరుతుంది. వచ్చిన బండే నేసిన బట్ట పట్టుకుపోతుంది. గోదాము అద్దె సరుకు యజమానే భరిస్తాడు, ఎందుకంటే అది అతని సరుకు. ఆ అద్దె కనబడిన నాడు ఎంత నూలు ముందే కొనాలి, ఎన్నాళ్ళు బట్ట ఎత్తకుండా ఉంచాలి అన్న ప్రశ్నలు అతనికి తొలిసారి తన సొంత డబ్బు లెక్కలుగా ఎదురవుతాయి.

ఇది ఊహాలోకం కాదనడానికి తమిళనాడులోనే దారి ఉంది. కోయంబత్తూరు, తిరుప్పూరు జిల్లాల్లో సోమనూరు, పల్లడం వంటి చోట్ల కూలి నేసే మరమగ్గాల యజమానులు బట్టల ఉత్పత్తిదారులతో ప్రభుత్వాధికారుల సమక్షంలో కూలి రేట్లు మాట్లాడుకుని ఒప్పందాలు రాసుకోవడం చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ఒప్పుకున్న రేటు ఇవ్వనప్పుడు 2022లో వారాల పాటు మగ్గాలు ఆపి పోరాడారు కూడా. ఆ ఒప్పందాల్లో మీటరు కూలి ఉంటుంది. నిలుపుదల కూలి అనే ఇంకో గడి అందులో చేరితే చాలు. నూలు దిగిన తేదీ నుంచి ఇన్ని రోజులు దాటి షెడ్డులో ఉంటే సంచికి రోజుకు ఇంత, నేసిన బట్ట ఇన్ని రోజుల్లో ఎత్తకపోతే వంద మీటర్లకు రోజుకు ఇంత, నూలు చెప్పిన రోజున అందక మగ్గం ఆగితే ఆగిన షిఫ్టుకు ఇంత. మూడు అంకెలు. ఎంత అన్నది మాట్లాడుకోవలసిన విషయం. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతపు నేతకారుల సంఘాలు నగరి, పుత్తూరు సంఘాలతో కలిసి మాట్లాడితేనే అది నిలుస్తుంది, లేకపోతే గీత ఇటువైపు నిలుపుదల కూలి అడగగానే సరుకు గీత అటువైపు షెడ్లలోకి జరుగుతుంది. అందాకా ప్రతి షెడ్డులో నూలు తూకం రాసే పుస్తకంలో నూలు దిగిన తేదీకి, బట్ట ఎత్తిన తేదీకి రెండు గళ్ళు గీసి నింపుతూ పోవాలి. మాట్లాడుకునే బల్ల దగ్గర ముందుగా పరచవలసిన కాగితం ఆ పుస్తకమే.